మూతలు తియ్యని కార్డు

మళ్లీ సరిగ్గా అక్కడే ఆగిపోయింది. పిల్లల వార్డు తలుపు తెరుచుకుంది, పడకలు ఒక్కొక్కటీ పక్కనుంచి సాగిపోయాయి, చూపు కిటికీ వైపు తిరిగిందో లేదో తెర మొత్తం నల్లబడిపోయింది. బల్ల కింద సీపీయూలో ఫ్యాను మాత్రం మెట్లెక్కి వచ్చిన ముసలాయనలా రొప్పుతూనే ఉంది. చిన్నకోడలు మౌసును పక్కకు తోసేసి, రెండు చేతులతో తల పట్టుకుని కూర్చుంది. ఏడుపు రాలేదు. ఏడుపు వచ్చే దశ ఎప్పుడో దాటిపోయింది. ఇప్పుడొచ్చేదంతా కోపమే.

రాదూ మరి? పొద్దుట్నుంచీ ఒకటే కిటికీ. ఆ కిటికీ అవతల ఒక చెట్టు. ఆకులన్నీ కదులుతూ ఆ చెట్టు తెర మీద నిలబడాలంటే లోపలి గ్రాఫిక్స్ కార్డుకు అంత సత్తువ ఉండాలి. ఆమె మిషన్లో ఉన్నది స్టూడియో తెరిచిన కొత్తలో వేసిన కార్డు. నాలుగు గోడలూ ఒక సోఫా చూపించడానికి అప్పట్లో సరిపోయేది. ఇప్పుడు దాని నెత్తిన ఒక ఆసుపత్రిని పెడితే అది మాత్రం ఏం చేస్తుంది, గుడ్లు తేలేస్తుంది.

వాళ్లది సొంత స్టూడియో. ఇంకా కట్టని ఇళ్లను, దుకాణాలను కట్టేసినట్టే కంప్యూటర్లో తయారుచేసి, అందులో మనం నడిచి తిరుగుతున్నట్టు చూపించడం వాళ్ల పని. ఉన్నది ముగ్గురే. పెత్తనం బావగారిది, అంటే ఆమె భర్తకు అన్నగారిది. కొలతలు తెచ్చి గోడలు నిలబెట్టడం భర్త వంతు. ఆ గోడలకు వెలుగు, నీడ, చెట్టూ చేమా, అసలు మనుషులు ఉండే కళంటూ తెచ్చేది చిన్నకోడలు. వచ్చినవాళ్లకు మాత్రం బావగారు "మా ఇంటి చిన్నకోడలు, బొమ్మలు వేస్తుంది" అని పరిచయం చేస్తారు. తీరిక దొరికినప్పుడు ఎంబ్రాయిడరీ చేసుకునే మనిషిని గురించి చెప్పినట్టు.

ఈ ఆసుపత్రి పని తెచ్చింది ఒక డాక్టరమ్మ. చిన్నపిల్లల కోసం కట్టిస్తోంది. గోడలు, గచ్చులు, రంగులు మీ ఇష్టం అంది. ఒక్కటే కోరింది. వార్డులో పడుకున్న పిల్లకు కిటికీలోంచి చెట్టు కనబడాలి, ఆకుల నీడ దుప్పటి మీద ఆడుతుండాలి. నెలల తరబడి పైకప్పు చూస్తూ పడుండే పిల్లలు తనవాళ్లని చెప్పింది. ఆ మాట బావగారి వైపు చూసి చెప్పలేదు, చిన్నకోడలి కళ్లలోకి చూసి చెప్పింది. ఈ మధ్యాహ్నం వచ్చి చూస్తుంది. చెట్టు కుదిరితే ఆసుపత్రి లోపలి పని మొత్తం చిన్నకోడలి చేతికే అప్పజెబుతానంది. కుదరకపోతే ఇంకో స్టూడియో చూసుకుంటుంది, అది కూడా మొహమాటం లేకుండానే చెప్పింది. ఇన్నేళ్లుగా బొమ్మలు వేసే మనిషిగా బతుకుతున్న ఆమెకు, ఇది నాది అని చెప్పుకునే పని రావడం ఇదే మొదలు. అది ఒక చెట్టు దగ్గర తగులుకుని ఆగిపోయింది.

మరి కార్డు మార్చమని అడగొచ్చు కదా అంటారేమో. అడగడమే నిరుటి నుంచీ ఆమె పని. కానీ ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. మామగారు ఫొటో స్టూడియో నడిపిన రోజుల నుంచీ వస్తోంది. ఇంట్లోకి ఏ కొత్త పరికరం వచ్చినా ముందు పెద్దకొడుకు వాడి చూడాలి. కొత్త కెమెరా వస్తే మొదటి ఫొటో ఆయనదే, కొత్త లైటు వస్తే మొదట మీట నొక్కేది ఆయనే. ఆయన బాగుందంటే తక్కినవాళ్లు ముట్టుకోవాలి. పెదవి విరిచాడా, ఆ వస్తువు కథ అంతటితో సరి. మామగారు పోయారు, కెమెరాలు పోయాయి, పద్ధతి మాత్రం గుండ్రాయిలా మిగిలింది.

నిరుడు ఆమె పోరు పడలేక బావగారు కొత్త కార్డొకటి తెప్పించారు. తెప్పించి ఆమె మిషన్లో పెట్టారా? ఎంత మాట. తన మిషన్లో పెట్టుకున్నారు. ఈమెయిల్ ఉత్తరాలు చూసుకునే ఆ మిషనుకు అంతవరకూ కార్డే లేదు, దాని అవసరమూ లేదు. అయినా పద్ధతి పద్ధతే. షాపువాణ్ణి కూడా పిలవకుండా, వీడియో చూసుకుంటూ, తనే స్క్రూలు బిగించుకున్నారు. ముందు తను చూస్తానని, తేడా కనిపిస్తే మర్నాడే ఆమెకూ అలాంటిదే తెప్పిస్తానని మాటిచ్చారు.

తేడా కనిపించలేదు. ఆమె చేసిన ఫైలునే అందులో తెరిచి అందరికీ చూపించారు. ఆమె దగ్గర ఎలా కుంటిందో అక్కడా అలాగే కుంటింది, ఇంకో పిసరు ఎక్కువే కుంటింది. బావగారు కుర్చీలో వెనక్కి వాలి తీర్పు చెప్పేశారు. కార్డులన్నీ ఒక్కటే, పాతవీ కొత్తవీ అనేదంతా అమ్ముకునేవాళ్ల మాయ, లోపం ఆమె ఫైళ్లలోనే ఉంది.

"నీ ఫైళ్లు బరువెక్కువమ్మాయ్. తేలిగ్గా చెయ్యడం నేర్చుకో."

ఆ తర్వాత ఎన్నిసార్లడిగినా ఇదే జవాబు. పోనీ మీకెలాగూ పనికిరావడం లేదు కదా, ఆ కార్డే నాకిప్పించండి అని కూడా అడిగి చూసింది. అందులోనే తేడా లేనప్పుడు నీ దాంట్లో ఎక్కణ్ణుంచి ఊడిపడుతుందని నవ్వేశారు. అసలు సంగతేమిటంటే ఆ కార్డుకు రంగురంగుల లైట్లున్నాయి. దాన్ని అద్దాల సీపీయూలో పెట్టి, బల్ల మీద మూలగా, వచ్చినవాళ్ల కంట పడేలా కొలువు తీర్చారు. బొమ్మల దుకాణంలా మెరిసిపోతూ ఉంటుంది. దాన్ని చూసి బిల్డర్లు నోళ్లు తెరుస్తారు. ఆయన మీసం దువ్వుకుంటారు.

ఇదంతా భరించవచ్చు. భరించలేనిదేమిటంటే, ఆమె ఆ మాట నమ్మింది. కళ్లెదుట చూపించాక నమ్మక ఏం చేస్తుంది? తన చేతిలోనే ఏదో లోపముందనుకుంది. భర్త కూడా మెత్తగా అదే చెప్పాడు. అతను ఎవరితోనైనా గట్టిగా మాట్లాడగా విన్నవాళ్లు లేరు. బంధువులంతా ఆమెను అదృష్టవంతురాలంటారు. ఆమె మాత్రం మనసులో అతనికి శాంతమూర్తి అని పేరు పెట్టుకుంది. ఆ శాంతమూర్తి ఆమె పుట్టినరోజుకు ఏం కానుకిచ్చాడనుకున్నారు? ఫైళ్లు తేలిగ్గా చెయ్యడం నేర్పే ఆన్‌లైన్ క్లాసులో చేర్పించాడు. ఆదివారాలన్నీ ఆ క్లాసుకే ధారపోసింది. గడ్డి తీసేసింది, కర్టెన్ల మడతలు తీసేసింది, చెట్లకు ఆకులు సగానికి సగం గీకేసింది. ఆమె చేసిన ఇళ్లు రానురాను అట్టపెట్టెల్లా తయారయ్యాయి. పాత పనులు తెరిచి చూసుకుంటే, ఇవి నిజంగా నేనే చేశానా అనిపించేది.

ఈ చెట్టును మాత్రం గీకబుద్ధి కాలేదు. డాక్టరమ్మ అడిగింది చెట్టునే. అందుకని లేచి బావగారి గదిలోకి వెళ్లింది. ఈరోజు తాడో పేడో తేల్చుకోవాలనే వెళ్లింది.

బావగారు తొణకలేదు, బెణకలేదు. తమ్ముణ్ణి కూడా పిలిచారు. ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టి, నిరుటిలాగే ఆమె ఫైలును తన మిషన్లో తెరిచారు. అద్దాల వెనక లైట్లు ఎర్రగా, నీలంగా మారుతున్నాయి. వార్డు తలుపు తెరుచుకుంది. పడకలు ఈడ్చుకుంటూ, ఆగుతూ, మళ్లీ ఈడ్చుకుంటూ వచ్చాయి. కిటికీ దగ్గర బొమ్మ బిగుసుకుపోయింది. ఇంతకంటే రుజువేం కావాలన్నట్టు బావగారు చేతిలోని పెన్నుతో బల్ల మీద కొట్టారు. చెట్టు తీసేసి కిటికీకి కాస్త నీలం రంగు పుయ్యమన్నారు. ఆవిడ డాక్టరు, పిల్లలకు మందులిచ్చుకునే మనిషి, చెట్టు ఉందో లేదో ఎవరు చూడొచ్చారన్నారు.

చిన్నకోడలు భర్త వైపు తిరిగింది. ఒక్క మాట, తన తరఫున ఒక్క మాట అంటాడేమోనని.

"ఒక్క చెట్టే కదా," అన్నాడు అతను, నేల చూస్తూ.

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఏదో అనబోయింది. అంతలో బావగారి పెన్ను మూత ఎగిరి, బల్ల మీద దొర్లి, గోడ వైపు సందులో పడింది. నేను తీస్తానంటూ భర్త కుర్చీలోంచి దిగ్గున లేచాడు. ఆ బల్ల వెనక ఏది పడినా అతనే పరిగెత్తుతాడు, ఎప్పుడూ అంతే. కానీ ఆ సందు పక్కన కూర్చున్నది ఆమె. వాళ్లిద్దరి మొహాలూ కాసేపు చూడకుండా ఉంటే చాలనుకుని, కొంగు బిగించి, తనే బల్ల వెనక్కి దూరింది.

అక్కడంతా దుమ్ము, చిక్కుపడ్డ వైర్లు. పెన్ను మూత దొరికింది. తలెత్తేసరికి ఎదురుగా అద్దాల సీపీయూ వీపు. కింద కొత్త కార్డు తాలూకు సాకెట్లు వరుసగా ఉన్నాయి. ఒక్కోదానికీ నల్లని ప్లాస్టిక్ మూత. షాపు నుంచి వచ్చినప్పుడు దుమ్ము పడకుండా పెట్టే మూతలు. ఒక్కటీ తియ్యలేదు. మానిటర్ వైరు ఎక్కడుందా అని చూసింది. పైన, మిషను మదర్‌బోర్డుకు మొదట్నుంచీ ఉండే పాత సాకెట్లో ఉంది. కార్డు లేని రోజుల్లో ఎక్కడుండేదో ఇప్పటికీ అక్కడే ఉంది.

అంటే ఇన్నాళ్లూ ఆ కార్డు లోపల దీపాలు పెట్టుకుని కూర్చుందే తప్ప, తెర మీదకు దాని నుంచి ఒక్క చుక్క రాలేదు. మోసిందంతా పాత బోర్డే. తేడా లేదు, తేడా లేదు అంటే ఎక్కణ్ణుంచొస్తుంది తేడా?

నిజం చెప్పాలంటే మొదట ఆమెకు నవ్వొచ్చింది. వైరు మార్చడం మర్చిపోవడం ఎవరైనా చేసే పొరపాటే. బావగారి మీద ఉన్న కోపం కూడా ఆ క్షణాన కాస్త చల్లారింది. అప్పుడు బల్ల అంచు మీదుగా భర్త మొహం కిందికి వంగింది. గొంతు బాగా తగ్గించాడు.

"ఇప్పుడు కాదు. ముందు లేచి రా, తర్వాత మాట్లాడుకుందాం."

ఆమె ఇంకా నోరు విప్పలేదు. ఏం చూసిందో ఎవరికీ చెప్పనేలేదు. నవ్వు గొంతులోనే ఆగిపోయింది. ఆ మొహాన్ని కిందనుంచి అలాగే చూస్తూ ఉండిపోయింది. అందులో ఆశ్చర్యం లేదు, తేలు కుట్టిన దొంగ భయం మాత్రమే ఉంది.

 ఆమె పాత సాకెట్లోంచి వైరు పీకింది. కార్డుకున్న మూతల్లో ఒకటి గోటితో ఊడదీసి, వైరు అందులో పెట్టింది. పైన తెర ఆరిపోవడంతో బావగారు గాభరాగా ఏదో అన్నారు. తెర మళ్లీ వెలిగేసరికి ఆమె లేచొచ్చి, ఆయన భుజం మీదుగా చెయ్యి చాపి, వార్డు మళ్లీ మొదట్నుంచి నడిపించింది. తలుపు తెరుచుకుంది. పడకలు నీళ్ల మీద పడవల్లా సాగిపోయాయి. కిటికీ వచ్చింది. చెట్టు వచ్చింది, ఒక్క ఆకు కూడా తగ్గకుండా. గాలికి ఆకులు కదిలాయి, కింద దుప్పటి మీద నీడ కదిలింది. 

"ఏం చేశావమ్మా?" అన్నారు బావగారు.

"తెర వైరు కార్డుకు పెట్టాను బావగారూ. ఇన్నాళ్లూ అది బోర్డుకే ఉంది."

ఆయన నమ్మలేదు. మోకాలి మీద చెయ్యి ఆనించి, ఆయాసపడుతూ బల్ల వెనక్కి తనే వంగి చూశారు. మిగిలిన మూతలు ఆయనకూ కనిపించాయి. లేచి నిలబడేసరికి మొహం కందిపోయి ఉంది.  ఆమె చూపు ఎటుందో చూశారు, అటే తమ్ముడి వైపు తిరిగారు.

"నీకు తెలుసట్రా?"

శాంతమూర్తి నీళ్లు నమిలాడు. నమిలి నమిలి, పెట్టిన రోజే చూశానని ఒప్పుకున్నాడు. నెమ్మదిగా చెబుదామనుకున్నాడట. ఈలోగా అన్నయ్య ఊరందరికీ తేడా లేదని చెప్పేశాడట. ఆ తర్వాత చెబితే అన్నయ్యకు తలకొట్టేసినట్టవుతుందని ఆగాడట. ఎవరూ లేనప్పుడు గుట్టుగా మార్చేద్దామనీ అనుకున్నాడట, కానీ ఉన్నట్టుండి మిషను పరుగెత్తితే ఏం జరిగిందని అడుగుతారు కదా. అందుకని ఎవరూ బల్ల వెనక్కి వెళ్లకుండా కాపలా కాశాడట. వినండి ఆ తెలివి! అంత తెలివినీ ఒక వైరు దాచడానికి ఖర్చుపెట్టాడు.

"చెబితే నేను చచ్చిపోతాననుకున్నావురా?" అన్నారు బావగారు. "ఒక పూట సిగ్గుపడేవాణ్ణి. నా పరువు కాపాడమని నిన్నెవరడిగారు?"

 అన్నదమ్ముల లెక్క వాళ్లు తేల్చుకుంటారు, ఆమెకు అది పట్టలేదు. ఆమెకు కావాల్సింది ఒక్కటే.

"ఆ క్లాసులో నన్నెందుకు చేర్పించారు?" అంది.

అతను తలెత్తాడు. అన్నయ్య నుంచి ఎదురుచూసిన దెబ్బకు సిద్ధపడ్డాడు గానీ, ఇది వస్తుందనుకోలేదు.

"నీకు పనికొస్తుందని..."

"లోపం నాది కాదని తెలిసే చేర్పించారు. ఆదివారాలన్నీ నేను అక్కడ కూర్చుని ఆకులు గీకుతుంటే, పక్కన టీ తెచ్చి పెట్టారు. ఇప్పుడు బాగా తేలికైంది, చాలా మెరుగుపడ్డావు అన్నారు. మీ అన్నయ్య చిన్నబోకూడదని నన్ను చేతకానిదాన్ని చేశారు."

గొంతు పెంచలేదు.  బావగారు గోడ వైపు తిరిగి, అక్కడేమీ లేకపోయినా అక్కడే చూస్తూ నిలబడ్డారు. భర్త ఏదో అనబోయి, నేను చెడుద్దేశంతో చెయ్యలేదని మాత్రం అనగలిగాడు. ఆ మాట ఆమెకు పుండు మీద కారంలా తగిలింది. ఉద్దేశం చెడ్డదైతే తిట్టి వదిలేసేది. ఈ మంచితనాన్ని ఏం చేసుకోవాలి?

డాక్టరమ్మ వచ్చే వేళ దగ్గర పడుతోంది. ఈ ఆసుపత్రిలోనూ గీకేసిన గడ్డి, కర్టెన్ల మడతలు, వరండాలో కుండీలు అన్నీ మళ్లీ పెట్టాలి. ఆ పనికి ఆ మిషనే కావాలి.

"జరగండి బావగారూ, నేను కూర్చోవాలి," అంది.

ఆ కుర్చీ దగ్గర్నుంచి ఆయన్ని జరగమన్నవాళ్లు ఆ ఇంట్లో ఇంతవరకు పుట్టలేదు. ఆయన అప్పటికే నిలబడి ఉన్నా, కుర్చీ వీపు మీద చెయ్యి మాత్రం వేసుకుని ఉన్నారు. ఆ చెయ్యి తీసేశారు. ఆమె కూర్చుంది. ఆ తర్వాత వాళ్లిద్దరూ ఆ గదిలో ఉన్నారో లేదో కూడా ఆమె చూసుకోలేదు. గడ్డీ మడతలూ తిరిగి అతికిస్తుంటే ఏది ఎక్కడిదో చేతులకు గుర్తొచ్చింది. చేతికి ఏమీ కాలేదు. అది ఎప్పుడూ బాగానే ఉంది. ఆ సంగతి తెలిసినందుకు సంతోషించాలో, ఇన్నాళ్లూ తెలియనందుకు ఏడవాలో ఆమెకు తేల్చుకునే తీరిక లేదు.

డాక్టరమ్మ వచ్చింది. లైట్లు మెరిసే పెట్టె వైపు తలైనా తిప్పలేదు. వార్డు అంతా ఒకసారి చూసి, చూపును దిండు ఎత్తుకు దించగలవా అని అడిగింది. చిన్నకోడలు దించింది. ఇప్పుడు తెర మీద పడుకున్న పిల్లకు కనిపించేదే కనిపిస్తోంది. పైకప్పు కొంచెం, కిటికీ, చెట్టు. డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది.

"ఆకులు ఇంకాస్త జోరుగా కదలాలమ్మా. మా స్థలంలో గాలెక్కువ," అంది.

తర్వాత పని ఎప్పుడు మొదలుపెడతావని అడిగింది. బావగారు అలవాటు కొద్దీ నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నారు. రేపే అంది చిన్నకోడలు.

సాయంత్రం ఆమె తన బల్ల దగ్గర వస్తువులు సర్దుకుంటుండగా బావగారు వచ్చారు. కార్డును తనే విప్పి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో తెచ్చారు. ఇది నిరుడే నీ దగ్గర ఉండాల్సిందన్నారు. ఉత్తరాలకు తనకు బోర్డు చాలన్నారు. ఇక మీదట ఏది కొత్తదొచ్చినా ముందు నువ్వే చూసి చెప్పమన్నారు. అంతా అయ్యాక తలుపు దగ్గర ఆగి, ఆ లైట్లు నీ దాంట్లో కూడా వెలుగుతాయా అని మెల్లిగా అడిగారు. వెలుగుతాయి బావగారూ అంది ఆమె. మరో రోజైతే నవ్వేదే.

పాత కార్డు తీసి కొత్తది బిగించింది. భర్త ఎప్పుడొచ్చాడో వచ్చి, బల్ల పక్కన మోకాళ్ల మీద కూర్చుని మానిటర్ వైరు చేతిలోకి తీసుకున్నాడు. నేను పెడతానన్నాడు. ఆ గొంతులో ఎప్పటి మెత్తదనమే. ఆమె కార్డుకు మిగిలిన మూతలన్నీ ఒక్కొక్కటే ఊడదీసి అతని అరచేతిలో పెట్టింది, రెండో చేతిలోంచి వైరు లాక్కుంది.

"వద్దు, నేనే పెట్టుకుంటాను. తప్పు చోట పెట్టినా మీరు చూస్తూ ఊరుకుంటారు."